దాలినాయుడి గొడుగు

ఎగురు 611

ఈ పూట మూడు గద్దల్ని కూల్చాం. మావాళ్ళలో జోగులు పోయాడు. మూడుకి ఒకటే కదా, నష్టమేముందని ఎవరో నోరు జారారు. దాలినాయుడు నా చెయ్యి పట్టుకోకపోతే ఆ నోట్లో పళ్ళుండేవి కావు.

పొద్దున్న ఎనిమిదింటికి సముద్రం మీంచి మబ్బుపడవ బయలుదేరింది. నాలుగు పెద్ద గాలితిత్తుల కింద వేలాడే పడవ, దాని వెనక ఊరంత వల, వలలో నల్లటి నీటిమబ్బు. వానలు వాటంతటవే రావడం మానేసి పదిహేడేళ్ళయింది. ఇప్పుడిలా లాక్కెళ్ళి మెట్టసీమ మీద దింపితేనే అక్కడివాళ్ళకి తాగడానికి నీళ్ళు. దారిలో ఎవరూ కొల్లగొట్టకుండా కాపలా కాయడం మా పని. మేం ఎవరి సైన్యమూ కాదు. కూలికి ఎగురుతాం, కూలికి చంపుతాం. మా విమానాల్ని తూనీగలంటారు. ఒక్కరు కూర్చుంటే ఇంకొకరికి చోటుండదు.

గద్దలు, అంటే ఆ కొల్లగొట్టేవాళ్ళ విమానాలు, ఎండ వైపు నుంచి దిగాయి. వాటి రెక్కల మీద నల్లరంగు తప్ప ఇంకో గుర్తుండదు. మబ్బులు పంచే పెద్దల సభలోనే ఎనమండుగురు చేతులు కలిపారనీ, సభలో అందరికీ మబ్బులు రాసిచ్చి, అవే మబ్బుల్ని దారిలో కొట్టించి తమ కొండచెరువులో దింపుకుంటున్నారనీ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. రుజువే లేదు. కంచే చేను మేస్తుంటే మాలాంటి కూలివాళ్ళకి చేతినిండా పని.

మొదటి గద్దని కింద నుంచి కొట్టాను. గుళ్ళు దాని పొట్టలోంచి దూరి పైన అద్దంలోంచి బయటకొచ్చాయి. అద్దం లోపలంతా ఎర్రగా అయిపోయింది. రెండోదాని రెక్క దాలినాయుడు విరిచాడు. మూడోది జోగులి ఇంజనుకి నిప్పంటించి, తిరగబోతూ నాకు ఎదురొచ్చింది. దాన్నీ కొట్టాను. అప్పటికే జోగులు దూకేశాడు. తాడు లాగాడు. సంచి మూతి వీడింది, గుడ్డ బయటకొచ్చింది, కానీ ఉతికి పిండిన చీరలా ముద్దగా వచ్చింది. తెరుచుకోలేదు. నా రెక్క పక్కనుంచే కిందికి పోయాడు. నన్ను చూశాడు. నోరు తెరిచే ఉంది. ఆ తర్వాత సముద్రం.

మాకు ఒక కట్టుబాటుంది. దూకే గొడుగుని ఎవరిది వాళ్ళు మడుచుకోకూడదు, జతగా ఎగిరే జోడు మడవాలి. మడిచి, సంచి మూతికి తన ముడి వెయ్యాలి. ఎవరి ముడి వాళ్ళది, వేలిముద్ర లాగా. ఎక్కి, సంచి పట్టీలు నడుముకి బిగించుకున్నాక సీటు కింద చెయ్యి పెట్టి ఆ ముడిని తాకి, రేడియోలో "ముట్టాను" అనాలి. అంతే, విప్పి చూడకూడదు. విప్పితే జోడు మొహం మీద ఉమ్మేసినట్టే. గొడుగు తెరుచుకోక మనిషి చస్తే మాత్రం, మడిచినవాళ్ళు ఆ రోజు నుంచి గొడుగు లేకుండా ఎగరాలి.

జోగులి గొడుగు మడిచింది తవిటమ్మ. సాయంత్రం తనంతట తనే వెళ్ళి తన సీటు కింది సంచి తీసి కొక్కానికి తగిలించేసింది. ఎవరూ అడ్డుకోలేదు. నేనూ అడ్డుకోలేదు.


ఎగురు 613

తవిటమ్మ పోయింది. రెండే రెండు రోజులు. ఒక గద్ద ఆమె తోకని కోసేసింది. తూనీగ గిరగిరా తిరుగుతూ పడుతుంటే రేడియోలో ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది. అరవలేదు. దూకడానికి ఏమీ లేదు కాబట్టి కూర్చునే పోయింది.

చైత్రంలో పోయిన జంట కూడా ఇలాగే. ఒకరి గొడుగు తెరుచుకోలేదు, రెండోవాళ్ళు వారం తిరక్కుండా నేలరాలారు. పన్నెండు మందిమి ఎనిమిదిమందిమయ్యాం. ఎవరికైనా బుర్ర ఉంటే అప్పుడే అర్థం కావాల్సింది. ఒక్క గొడుగు పాడుచేస్తే ఇద్దరు చస్తున్నారు. మా కట్టుబాటు మాకన్నా శత్రువుకే బాగా పనికొస్తోంది.

దెబ్బతిన్న గద్ద ఒకటి ఇవాళ మా గాలిరేవు మీదే కూలింది. గాలిరేవంటే మా స్థావరం, సముద్రం మీద తిత్తులకి వేలాడే చెక్కల మైదానం. ఆ గద్దలోంచి ఒకడు కత్తితో బయటకొచ్చాడు. మాతో ఎగిరే గౌరీసు చెంపని దవడ దాకా చీరేశాడు. నా భుజం మీద చొక్కా చించాడు, కింద కండ కూడా కొంత. చేతికి పానా దొరికింది. దాంతో వాడి నెత్తిన మూడుసార్లు కొట్టాను. రెండోసారికే పోయాడనుకుంటాను, మూడోది నాకోసం.

వాడి జేబులో కాగితం దొరికింది. దానిమీద పెద్దల సభ ముద్ర, దాని కింద మేం ఏ పూట ఎప్పుడు ఎగురుతామో టైములన్నీ. రేపటివి కూడా ఉన్నాయి.

పెద్దమ్మ ఆ కాగితం తీసుకుని చదివి మడిచి పెట్టుకుంది. పెద్దమ్మ మా కమాండరు. అసలు పేరు భ్రమరాంబ. ఒకప్పుడు ఆమెని మించిన పైలట్ లేదంటారు. మోకాలు నుజ్జయ్యాక నేలమీద ఉండి మమ్మల్ని నడుపుతోంది. సూదీ దారం లేకుండా ఎప్పుడూ కనబడదు. మా చిరుగులన్నీ ఆమే కుడుతుంది, చొక్కాలవైనా చర్మానివైనా. గౌరీసు చెంపకి పదకొండు కుట్లు వేసి, నా చొక్కా విప్పించుకుంది.

"మనలోనే ఉన్నాడమ్మా ఒకడు," అంది మెల్లగా. "అన్నం తిను ముందు."

దాలినాయుడు నా పక్కన కూర్చుని వేయించిన చింతపిక్కలు నములుతున్నాడు. తొమ్మిదేళ్ళుగా నా జోడు. ఎడమచేతి ఉంగరం వేలు ఎప్పుడో తూనీగ పంకా కోసేసింది, అందుకే అతని ముడి ఎడమకి ఒరుగుతుంది.

"ఒలే అసిరీ, మావూర్లో వాన పడిందటే," అన్నాడు. "మా సెల్లి కబురెట్టింది. పిల్లలు మూకుళ్ళు అట్టుకుని ఈదిలో నిలబడిపోనారట."

"మనుషులు చస్తుంటే నీకు వాన గోలేంటన్నా?"

"సచ్చినోలకీ దాహమే కదేటే," అన్నాడు. పిక్కలు నా చేతిలో పోసి వెళ్ళిపోయాడు.

అప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు ఇంకేదో వస్తోంది. సభ ఈ ఏడాది మబ్బులు రాసిచ్చిన ఊళ్ళ జాబితాలో ఆ ఊరి పేరు లేదు.


ఎగురు 615కి ముందు

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఎగురుపుస్తకంలో అబద్ధం రాయకూడదు. రాయకపోవడం కూడా అబద్ధమే.

ఈ మధ్యాహ్నం మూడు మబ్బుపడవలు ఒకేసారి బయలుదేరుతున్నాయి. ఇంత పెద్ద మబ్బు నా ఎరికలో రాలేదు. అది చేరితే మెట్టసీమకి ఏడాది గడుస్తుంది. ఎనిమిదిమందిమీ ఎగరాలి.

పది గంటలకి మడతల గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. గోడ కొక్కాలకి మిగిలినవాళ్ళ ఎనిమిది సంచులు. నా పేరున్న కొక్కానికి వేలాడే సంచిని నిన్న దాలినాయుడు మడిచాడు. అతనిది నేను మడిచాను. నా సంచికి అతని ముడి ఎడమకి ఒరిగి ఉంది, ఎప్పటిలాగే. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. జోగులి తెరిచిన నోరు కళ్ళముందు నుంచి పోవడం లేదు. జాబితాలో లేని వాన కూడా.

ముడి విప్పాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏమీ ఉండదు, మళ్ళీ మడిచేసి, ఈ పాపం ఎవరికీ చెప్పకుండా చచ్చిపోతాను అనుకున్నాను.

లోపల మడతలు కుట్టేసి ఉన్నాయి. తెల్లటి మైనపు దారంతో, ఒక మడతకీ ఇంకో మడతకీ కలిపి, గట్టిగా. తాడు లాగితే ముద్దగా బయటకొస్తుంది, తెరుచుకోదు. జోగులికి వచ్చినట్టే.

ముడి చెక్కుచెదరలేదు. దాలినాయుడి ముడి ఇంకెవరికీ వెయ్యడం రాదు. అంటే ముడి వెయ్యకముందే కుట్టు పడింది. అంటే కుట్టింది మడిచినవాడే. ఒకటీ ఒకటీ రెండు. బయటకెళ్ళి సముద్రంలోకి వాంతి చేసుకున్నాను.

పెద్దమ్మ దగ్గరికెళ్ళాను. ఒళ్ళో నా చొక్కా పెట్టుకుని కుడుతోంది. చెప్పాను. సూది ఆగింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఇప్పుడు చెబితే ఈ ఎనిమిదిమందీ ఇక్కడే ఒకరినొకరు పొడుచుకుంటారు. మబ్బు కాస్తా సభలోని ఆ ఎనమండుగురి చెరువులో పడుద్ది. సాయంత్రం దాకా ఓపిక పట్టు, వాడి సంగతి నేను చూస్తా."

"సాయంత్రం దాకా నేనుండాలిగా. దాని మీద కూర్చుని ఎగరమంటావా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, అబద్ధమెందుకు.

"వాళ్ళ ఊరికి వాన పడిందంట, విన్నావా? ఊరికే ఎవరు పంపుతారమ్మా మబ్బు? వాడు నీకు చేసింది వాడికే పెట్టు. నీ ముడి వెయ్యి, నువ్వు వాడికి మడిచింది నువ్వు తీసుకో. దూకే అవసరం రాకపోతే ఎవరికీ ఏమీ కాదు. వచ్చిందా, ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారు."

చొక్కా ఇంకా అవలేదంది. పాతది వేసుకుని వెళ్ళమంది.

వెళ్ళి అలాగే చేశాను. ఆ కుట్లు కుట్లలాగే ఉంచి మడిచాను. నా ముడి వేశాను, కుడికి రెండు చుట్లు, ఒక మెలిక. దాలినాయుడి పేరున్న కొక్కానికి తగిలించి, అక్కడున్నది నేను తీసుకున్నాను.

పన్నెండున్నరకి ఎక్కాం. వరసలో నా పక్కనే ఉన్న దాలినాయుడి గొంతు రేడియోలో వచ్చింది.

"ముట్టినానే అసిరీ. నీ ముడుంటే నాకేటి బయం."

నేను కూడా ముట్టాను అన్నాను. నా చేతికింద ఉన్నది నా ముడే.


ఎగురు 615

ఇరవై ఆరు గద్దలు వచ్చాయి. ఎదురుగా కొన్ని, కింద నుంచి కొన్ని, మబ్బులోంచే కొన్ని. మేం వచ్చే దారి, ఎత్తు, టైము, అన్నీ వాళ్ళకి తెలుసు.

మొదటి రెండు నిమిషాల్లో ముగ్గురు పోయారు. ఒకరి తూనీగ గాల్లోనే రెండు ముక్కలైంది. ఇంకొకరిది మొదటి పడవ తిత్తికి గుద్దుకుంది. తిత్తి పగిలి మంటలు లేచాయి, పడవలోని పన్నెండు మందీ ఒకరి తర్వాత ఒకరు చేపల్లా కిందికి రాలారు. మూడో పైలట్ ఎలా పోయాడో చూడలేదు. కొన్ని గద్దలు ఆ పడవ వలని తాళ్ళతో సహా పట్టుకుని కొండల వైపు లాక్కుపోయాయి. ఒక మబ్బు పోయింది. రెండున్నాయి.

రెండో పడవ కింద నేనూ దాలినాయుడూ నిలబడ్డాం. తొమ్మిదేళ్ళుగా ఎలా చేస్తామో అలాగే. నేను ఎడమకి తిరిగితే అతను కుడికి. ఒకడు నన్ను తరిమితే వాణ్ణి అతను కొడతాడు. అతన్ని అనుమానిస్తున్నాననీ, సీటు కింద ఏం పెట్టాననీ నా మనసుకి తెలుసు గానీ చేతులకి తెలియదు. చేతులు పాత లెక్క ప్రకారమే పోయాయి. అలా ఇద్దరం కలిసి అయిదు గద్దల్ని చంపాం. ఒకటి అంత దగ్గరగా పేలింది, దానిలోవాడి చేతితొడుగు వచ్చి నా అద్దానికి తగులుకుంది. తొడుగు ఖాళీగా లేదు.

గుళ్ళు అయిపోతున్నాయి. పైనుంచి ఒక గద్ద సరిగ్గా నా నెత్తిమీదికి దిగింది. నేను చూడలేదు. దాలినాయుడు చూశాడు. నాకూ దానికీ మధ్యలోకి తూనీగని తెచ్చి పెట్టాడు. నాకు రావాల్సిన గుళ్ళన్నీ అతని ఇంజనులోకీ, కాళ్ళలోకీ దిగాయి. ఆ గద్ద పక్కకి తిరుగుతుంటే దాని కడుపులో నా ఆఖరి గుళ్ళు దింపాను.

దాలినాయుడి తూనీగ ముందువైపంతా మంట.

నన్ను చంపాలనుకున్నవాడు నాకు అడ్డం ఎందుకొస్తాడు? ఆ ప్రశ్న అప్పుడు వచ్చింది నాకు, అప్పుడు మాత్రమే. ఆ వెనకే ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన నెల నా గుళ్ళు పొరపాటున ఒక వలకి తగిలి చిరుగు పడింది, చిన్న మబ్బుముక్క తప్పించుకుని దక్షిణంగా పోయింది. దాలినాయుడి ఊరు అటే. వాళ్ళ ఊరికి వాన పంపింది నేనే.

"దూకేత్తన్నానే," అన్నాడు రేడియోలో. దగ్గుతున్నాడు. "కాల్లు పని సెయ్యట్నేదు, సేతుల్తో ఈడ్సుకుని దూకాల. కింద పడవోలకి సెప్పు."

"దూకకన్నా!"

"ఏటి?"

"గొడుగు మంచిది కాదు. దూకకు. నేనే, నేనే పెట్టాను..."

"కాలిపోతన్నానే ఎర్రిదానా," అన్నాడు. "నీ ముడి ముట్టినాను కదా."

దూకాడు. నేను చెప్పింది విన్నాడో, మంట చప్పుడులో వినపడలేదో, వినీ నమ్మలేదో నాకు ఎప్పటికీ తెలియదు. తాడు లాగడం చూశాను. గుడ్డ ముద్దగా వచ్చింది. రెండు చేతులతో దాన్ని విడదీయాలని చూశాడు, నాలుగు వేళ్ళ చెయ్యీ, అయిదు వేళ్ళ చెయ్యీ. మూడో పడవ చెక్కల మీద పడ్డాడు. అంత ఎత్తు నుంచి చూస్తే చప్పుడు రాదు.

ఆ తర్వాత ఏం చేశానో పూర్తిగా గుర్తులేదు. గుళ్ళు లేవు కాబట్టి చక్రాలతో ఒక గద్ద అద్దాన్ని తొక్కాను. లోపలివాడి తల అద్దంతో పాటే పోయింది. ఇంకోదాని తోకని నా పంకాతో కోశాను. మిగతావి వెనక్కి తిరిగాయి. రెండు మబ్బుపడవలు మెట్టసీమ దారి పట్టాయి. మేం నలుగురం మిగిలాం. గెలిచామట.

మూడో పడవ సరంగు దాలినాయుణ్ణి గాలిరేవుకి దింపి వెళ్ళాడు. తాటిచాపలో చుట్టి, సంచి నడుముకే ఉంచి.


615 తర్వాత, సాయంత్రం అయిదు గంటలు

గాలిరేవు అంచున కూర్చున్నాను. పెద్దమ్మ కుంటుకుంటూ వచ్చింది. నా చొక్కా భుజాల మీద కప్పింది.

"అయింది, వేసుకో. చలిగాలి," అంది. "వాడు తీసిన గోతిలో వాడే పడ్డాడమ్మా. నువ్వేం ఏడవకు. అయితే కట్టుబాటు కట్టుబాటే. ముడి నీదిగా. రేపటినుంచి నీకూ గొడుగు లేదు."

తల వంచుకుని చొక్కా వైపే చూస్తున్నాను. భుజం మీద కుట్టు. తెల్లటి మైనపు దారం. ఆ దారం స్టోరులో అందరికీ దొరుకుతుంది, దానికేం లేదు. కానీ మూడు కుట్లకొకసారి దారాన్ని వెనక్కి తిప్పి మెలిక వేసి ఉంది. మూడు కుట్లు, వెనక మెలిక. మూడు కుట్లు, వెనక మెలిక. గౌరీసు చెంప మీద కూడా అంతే. పొద్దున్న సంచిలో మడతల మీద కూడా అంతే. చూశాను గానీ చూడలేదు. మాకు ఈ పనిలో చేరినప్పటినుంచీ ముడి చూసి మనిషిని నమ్మడం నేర్పారు. నేను ముడి చూశాను, కుట్టు చూడలేదు.

లేచి దాలినాయుడి దగ్గరికెళ్ళాను. చాప విప్పి, అతన్ని పక్కకి తిప్పి, సంచి అడుగు చూశాను. మూతి ముడి నాది. అడుగు కుట్టు కొత్తది. కింద విప్పి, చెయ్యి లోపలికి పోనిచ్చి, మడతల్ని కుట్టి, మళ్ళీ అడుగు మూసేశారు. మూడు కుట్లు, వెనక మెలిక. పైన ఎవరి ముడి ఉంటే ఏం?

ఇన్నాళ్ళూ అన్నీ సముద్రంలో పడ్డాయి కాబట్టి ఎవరికీ దొరకలేదు. ఇది పడవ మీద పడింది.

మిగిలిన ముగ్గుర్నీ పిలిచాను. సంచినీ, నా చొక్కానీ, గౌరీసు చెంపనీ పక్కపక్కన పెట్టి చూపించాను. పెద్దమ్మ పారిపోవడానికి చూడలేదు. గాల్లో వేలాడే చెక్కల మీద నుంచి ఎక్కడికి పోతుంది?

"మా ఊళ్ళో పదకొండేళ్ళపాటు చినుకు పడలా," అంది. "సభకి ఎన్ని అర్జీలు పెట్టానో. జాబితాలో మా పేరు రాదు. మీరు కాపలా కాసిన ప్రతి మబ్బూ మా ఊరి మీదుగానే వెళ్ళింది, ఆగలా. సభలో ఆ ఎనమండుగురు ఏడాదికొక మబ్బు ఇస్తామన్నారు. మొదటిది ఇచ్చారు కూడా. మొదటి సంచి కుట్టి, విప్పేసి, మళ్ళీ కుట్టాను. తర్వాతవి విప్పలా."

"నీ చేత్తో మాకు అన్నం పెట్టినావు గదే," అన్నాడు గౌరీసు. చెంప కుట్లు పిగిలి రక్తం కారుతోంది. "దీన్ని ఇప్పుడే గెంటేద్దాం. లెగండి."

"అన్నం నిజమేరా," అంది పెద్దమ్మ. "అదీ నిజమే, ఇదీ నిజమే."

గౌరీసు ఆమె జుట్టు పట్టుకుని అంచుదాకా ఈడ్చాడు. నాకూ గెంటాలనే ఉంది. కానీ గెంటితే ఆమె ఒక్కతే పోతుంది, ఎనమండుగురూ మబ్బు నీళ్ళు తాగుతూ కూర్చుంటారు. ఇంకో మాట కూడా ఉంది. ఆమె సూది గుచ్చింది నిజమే, కానీ ఆ కుట్లు కళ్ళారా చూసి, మడిచి, ముడి వేసి, తెలిసి తెలిసి దాలినాయుడి కింద పెట్టిన చేతులు నావి. ఆ మాట ముగ్గురి ముందూ గట్టిగానే చెప్పాను. గౌరీసు జుట్టు వదిలేశాడు. నా మొహం చూడలేక అటు తిరిగాడు.

"కట్టుబాటు ప్రకారం మనిద్దరికీ గొడుగు లేదు పెద్దమ్మా," అన్నాను. "కొట్టుకొచ్చిన మబ్బుని దింపుకోవడానికి వాళ్ళు ఎప్పుడు, ఎక్కడ కలుస్తారు?"

పెద్దమ్మ అంచు నుంచి వెనక్కి జరిగి కూర్చుంది.

"రేపు మధ్యాహ్నం. కొండచెరువు గట్టు మీద మేడలో. ఎనమండుగురూ వస్తారు, నీళ్ళు పడటం చూడ్డం వాళ్ళకి సరదా. గద్దలు ఆపకుండా ఉండాలంటే రేడియోలో ఒక మాట చెప్పాలి. అది నా గొంతుతోనే చెప్పాలి."

"చెప్తావా?"

"మా ఊరికి ఆ చెరువు తూము తెరుస్తారా మీరు?"

గౌరీసు వైపు చూశాను. అతను తల ఊపాడు.

"చెప్తా," అంది.


ఎగురు 616కి ముందు

పొద్దున్నే దాలినాయుణ్ణి సాగనంపాం. నిన్న నేను కూర్చుని ఎగిరిన సంచి తెచ్చాను. అతనికోసం నేను ఒళ్ళు దగ్గరపెట్టుకుని మడిచిన అసలు గొడుగు అదే. తాడు లాగాను. ఒక్క లాగుకే తెరుచుకుంది. ఎక్కడా చిక్కు లేదు. గాలికి లేచి చెక్కలన్నిటి మీదా పరుచుకుంది, తెల్లగా, ఇరవై మందికి నీడ పట్టేంత. నలుగురం పట్టుకుంటే గానీ ఆగలేదు. దాన్నే అతనికి చుట్టాం. జేబులో చింతపిక్కలున్నాయి, తియ్యలేదు. నేను ఏడ్చాను. ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఇప్పుడు పదకొండయింది. శిక్షణకి వాడే రెండు సీట్ల తూనీగలో కూర్చున్నాను. ముందు సీట్లో పెద్దమ్మ. మా ఇద్దరి సీట్ల కిందా గొడుగులుండాల్సిన చోట మందుగుండు పెట్టాం, రెక్కల్లో ఇంకొంత. మేడ గోడలు ఎంత మందమో పెద్దమ్మే చెప్పింది, ఎక్కడ గుద్దితే కూలుతుందో కూడా. చక్రాలకి అడ్డం పెట్టిన దిమ్మలు తీసేశారు. నాకోసం కుట్టిన చొక్కానే వేసుకున్నాను, ఇంకోటి లేదు మరి.

"నడపడం నేను నడుపుతానే," అంది పెద్దమ్మ. "మోకాలు పోయింది గానీ చేతులున్నాయి."

"వద్దు. నువ్వు మాట చెప్పు చాలు."

ఎక్కగానే అలవాటు కొద్దీ నా చెయ్యి సీటు కిందికి వెళ్ళింది. ముడి తగల్లేదు. చల్లటి ఇనుము తగిలింది. ముందు సీట్లో పెద్దమ్మ చెయ్యి కూడా కిందికి వెళ్ళి ఆగడం చూశాను.

ఈ పుస్తకం గౌరీసుకి ఇచ్చేస్తున్నాను. గౌరీసూ, తూము తెరవడం మర్చిపోకు. మాటిచ్చాం. పదకొండేళ్ళు ఎండిన ఊరు, వాళ్ళు మనల్నేం చెయ్యలేదు. దాలినాయుడి చెల్లెలికి నువ్వే కబురు చెప్పు. ఎవరి ముడితో పోయాడో కూడా చెప్పు, దాచకు.

ఇంకొకటి. మీరు ముగ్గురూ ఇకమీద ఎక్కేముందు సంచి విప్పి చూసుకోండి. మూతీ చూడండి, అడుగూ చూడండి. జోడు పక్కన నిలబెట్టుకుని, అతని ఎదురుగానే చూడండి. అవమానమైతే కానివ్వండి. నేను అతన్ని పక్కన పిలిచి విప్పి ఉంటే, ఇద్దరం కలిసి ఆ కుట్టు చూసేవాళ్ళం.